పత్తి నుంచి, కలప గుజ్జు నుంచి నానో స్ఫటికాలు: ఒంగోలు ల్యాబు డైరీ

మాది ఒంగోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. నేను రసాయనశాస్త్రం చెబుతాను. ఇద్దరు విద్యార్థులు, ఒక అటెండరు, నేను కలిసి చేసిన పని ఇది. సెల్యులోజ్ నానో స్ఫటికాలను (మొక్కల పోగుల్లో ఉండే, కంటికి కనిపించనంత సన్నని కడ్డీలు) ప్లాస్టిక్ ఫిలిములో కలిపితే అది గట్టిపడుతుందని అందరూ చెబుతారు. ఆ గట్టిదనం స్ఫటికం ఆకారం వల్ల వస్తోందా, దాని ఒంటిమీది విద్యుదావేశం వల్ల వస్తోందా అన్నది తేల్చుకోవాలని మొదలుపెట్టాం. ఎందుకు మొదలుపెట్టామో, ఎంత ఉత్సాహపడ్డామో ఇక్కడ రాయను. చెడగొట్టుకున్నవి మాత్రం దాచకుండా రాస్తాను. ఇలాంటి పని చేయబోయేవారికి అవే ఎక్కువ పనికొస్తాయి.

దశ 1: ఆమ్లం

జులై 8. బ్యాచ్ 1. పోయింది.

పద్ధతి పాతదే. 1950 ప్రాంతంలో స్వీడన్‌లో రాన్బీ గంధకామ్లంతో సెల్యులోజ్‌ను ఇలా విడగొట్టాడు. ఆమ్లం సెల్యులోజ్ పోగులోని క్రమం లేని భాగాలను తినేస్తుంది, స్ఫటిక భాగాలు మిగులుతాయి. పోతూ పోతూ వాటి ఉపరితలం మీద సల్ఫేట్ గుంపులను తగిలించి పోతుంది. ఆవేశం ఆ సల్ఫేట్ల నుంచే వస్తుంది. మేము వాడిన కొలతలు ఇవి, 20 గ్రాముల పత్తికి:

1. బీకరులో 107 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు. బీకరును ఐసు తొట్టిలో పెట్టాలి.
2. 98 శాతం గంధకామ్లం 109 మి.లీ., సన్నని ధారగా, కలుపుతూ. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. దీంతో 64 శాతం ఆమ్లం దాదాపు 200 మి.లీ. వస్తుంది.
3. 45 డిగ్రీలకు తెచ్చి, సన్నగా కత్తిరించిన పత్తిని కొంచెం కొంచెంగా వేయాలి.
4. 45 నిమిషాల తరువాత 2 లీటర్ల చల్లటి నీళ్లలో గుమ్మరించి చర్యను ఆపాలి.

రెండో మెట్టులో తొందరపడ్డాం. ఆమ్లం కలిపాక థర్మామీటరు 58 చూపిస్తుంటే, పత్తి పడితే అదే చల్లబడుతుందని అనుకుని వేసేశాం. చల్లబడలేదు. పది నిమిషాల్లో లేత పసుపు, ఇరవై నిమిషాలకు బెల్లం పాకం రంగు, చివరికి కాఫీ డికాక్షను. పైగా సర్జికల్ కాటన్‌ను ఉండలుగానే వేశాం. ఉండ పైభాగం మాడితే లోపలి పత్తి పత్తిలాగే ఉంది.

అటెండరు ఒక మాట అడిగాడు: "మేడమ్, బ్యాటరీ షాపులో యాసిడ్ చవకగా దొరుకుతుంది కదా, అది వాడకూడదా?" మంచి ప్రశ్నే. బ్యాటరీ ఆమ్లం 35 శాతం ప్రాంతంలో ఉంటుంది. 64 ఎక్కడ, 35 ఎక్కడ. దాంతో ఈ స్ఫటికాలు రావు.

మార్చినవి: చేపల మార్కెట్టు నుంచి అరబస్తా ఐసు ముందే తెప్పించడం, ఆమ్లం 45 కన్నా కిందికి దిగేదాకా పత్తి ముట్టుకోకపోవడం, పత్తిని కత్తెరతో సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించడం.

వాడిన ఆమ్లాన్ని సింకులో పోయవద్దు. ఒక బ్యాచ్‌లో 2 మోల్‌ల ఆమ్లం ఉంటుంది, దానికి దాదాపు 150 గ్రాముల తడిసున్నం లెక్క. మేము 200 వేసి, పీహెచ్ కాగితంతో చూసి వదిలాం.

ఇప్పటివరకు: ఖర్చు ₹3,150. గాఢ ఆమ్లం 109 మి.లీ. పత్తి 20 గ్రా. చేతికొచ్చిన స్ఫటికాలు 0.

దశ 2: కడగడం, బోరు నీళ్లు చేసిన పని

జులై 15. బ్యాచ్ 2. ఆమ్లం దశ చక్కగా నడిచింది, రంగు పాల మీగడలా వచ్చింది. కడగడంలో పోయింది.

మా సెంట్రిఫ్యూజ్‌లో 15 మి.లీ. గొట్టాలు ఎనిమిదే పడతాయి. రెండు లీటర్లను దాంట్లో తిప్పుతూ కూర్చుంటే సెలవులు వచ్చేస్తాయి. అందుకు ఒక ఉపాయం దొరికింది. ఆమ్లం ఉన్నంతసేపు స్ఫటికాలు ఒకదాన్నొకటి అంటుకుని కిందికి దిగుతాయి. రాత్రంతా బకెట్టులో వదిలేస్తే పైన తేటగా నిలుస్తుంది. ఆ తేటను సన్నని గొట్టంతో లాగేస్తే తిప్పాల్సింది 300 మి.లీ.కి తగ్గుతుంది. రెండు మూడుసార్లు కడిగాక ఇక దిగమని మొరాయిస్తాయి, నీళ్లు మసకగానే ఉండిపోతాయి. ఆమ్లం పోయి, సల్ఫేట్ల ఆవేశం ఒకదాన్నొకటి నెట్టడం మొదలైందని అర్థం. అక్కడ సెంట్రిఫ్యూజ్ ఆపి డయాలిసిస్ సంచిలోకి మార్చాలి (సన్న రంధ్రాల పొర అది, ఆమ్లం బయటి నీళ్లలోకి పోతుంది, స్ఫటికాలు లోపలే ఉంటాయి).

డయాలిసిస్‌కు చాలా నీళ్లు కావాలి. మొదటి రెండు రోజులు బోరు నీళ్లలో పెట్టి, తరువాత డిస్టిల్డ్ నీళ్లకు మారితే కరెంటు కలిసొస్తుందని నేనే అన్నాను. మా బోరు నీటి టీడీఎస్ 1,850. రెండో రోజు పొద్దున చూస్తే సంచుల్లో పెరుగు తోడుకున్నట్టు ఉంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు రెండేసి ధనావేశాలతో రెండు వైపులా సల్ఫేట్లను పట్టుకుని స్ఫటికాలను కట్టగట్టాయి. తరువాత ఎంత డిస్టిల్డ్ నీరు మార్చినా, ఎంతసేపు సోనికేటర్ (శబ్ద తరంగాలతో కణాలను విడదీసే యంత్రం) పెట్టినా పూర్తిగా విడిపోలేదు. తప్పు నాదే, ఆ ఆదా విలువ ఒక బ్యాచ్.

ఇప్పటివరకు: ఖర్చు ₹9,800 (ఇందులో డయాలిసిస్ గొట్టం చుట్టే ₹5,900). ఆమ్లం 218 మి.లీ. పత్తి 40 గ్రా. స్ఫటికాలు 0.

జులై 29. బ్యాచ్ 3. డిస్టిల్డ్ నీరు మాత్రమే, రోజుకు రెండుసార్లు మార్పు, ఐదు రోజులు. ఆపై ఐసులో పెట్టి సోనికేటర్, రెండు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపుతూ. ఐసు లేకపోతే వేడికి సల్ఫేట్లు ఊడిపోతాయి.

స్ఫటికాలు వచ్చాయో లేదో చూడటానికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. పాడైన కంప్యూటర్ మానిటర్ తెర మీది పోలరైజర్ పొరను ఒలిచి రెండు ముక్కలు చేశాం. రెంటినీ అడ్డంగా, వెలుతురు ఆగేలా పెట్టి, మధ్యలో సీసాను ఊపితే ద్రవంలో వెలుగు తీగలు ఈదుతాయి. ఆగగానే మాయమవుతాయి. పొడవాటి కణాలు ప్రవాహంలో ఒకే వైపు తిరగడం వల్ల వచ్చే మెరుపు అది. బ్యాచ్ 2 సీసాలో ఆ తీగలు లేవు, బరకగా మచ్చలు ఉన్నాయి.

దిగుబడి: 20 గ్రాముల పత్తికి 6.8 గ్రాములు, అంటే 34 శాతం.

ఈ లెక్క తీయడంలోనూ ఒక నష్టం ఉంది. ఎండు బరువు కోసం కొంత ద్రవాన్ని ఆరబెట్టే పెట్టెలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే పొద్దునకు గోధుమరంగు అట్ట. సల్ఫేట్ల పక్కన హైడ్రోజన్ అయాన్లున్న రూపం అది. నీళ్లు పోయేకొద్దీ తన ఆమ్లంలో తనే ఉడుకుతుంది. ఆరబెట్టే ముందు సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కు తెచ్చి సోడియం రూపంలోకి మార్చాక తెల్లగా ఆరింది.

ఇప్పటివరకు: ఖర్చు ₹11,400. ఆమ్లం 327 మి.లీ. పత్తి 60 గ్రా. స్ఫటికాలు 6.8 గ్రా.

దశ 3: ఆవేశం కొలవడం

ఆగస్టు 12. కండక్టివిటీ టైట్రేషన్, అంటే క్షారాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ ద్రవం విద్యుత్ వాహకతను కొలవడం. 0.3 గ్రాముల ఎండు స్ఫటికాలకు సరిపడే ద్రవం, మొత్తం 200 మి.లీ., కొంచెం ఉప్పు, 10 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్. మొదట వాహకత తగ్గి, ఒక చోట మలుపు తిరిగి పెరగాలి. మా గీత మొదటి చుక్క నుంచే పెరిగింది. అంటే ఆవేశం సున్నా అని.

సున్నా ఎలా అవుతుంది? గంటసేపు మీటరును తిట్టాం. అసలు సంగతి ఏమిటంటే, మాడిపోతుందన్న భయంతో ద్రవం మొత్తాన్నీ సోడియం రూపంలోకి మార్చేసి పెట్టుకున్నాం. అక్కడ తటస్థం చేయడానికి హైడ్రోజన్ అయాన్లు ఏవి?

పరిష్కారం: కొలిచే ముందు, సోడియం అయాన్లను తీసుకుని హైడ్రోజన్ అయాన్లను ఇచ్చే ధనాయాన మార్పిడి రెజిన్ గుండా పంపాలి. ఆర్వో షాపులో నీటి సాఫ్ట్‌నర్‌కు అమ్మే రెజిన్ తెచ్చి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో నానబెట్టి, పీహెచ్ మామూలయ్యేదాకా కడిగి వాడాం. ఈసారి మలుపు 7.35 మి.లీ. దగ్గర వచ్చింది. 7.35 × 10 ÷ 0.3 = 245. కిలోకు 245 మిల్లీమోల్‌లు. ఈ నమూనాకు ప-245 అని పేరు పెట్టుకున్నాం.

ఒక ముచ్చట. కాలేజీ కండక్టివిటీ మీటరు మధ్యలో రిపేరుకు పోయింది. రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపులో ₹450కి దొరికే పెన్ను లాంటి మీటరుతో అదే టైట్రేషన్ చేశాం. మలుపు 7.6 దగ్గర చూపించింది. అసలు అంకెకు 4 శాతం లోపు తేడా. మలుపు ఎక్కడుందన్నదే కావాలి కాబట్టి చవక మీటరు సరిపోతుంది, ద్రవం చల్లదనం మారకుండా చూసుకుంటే చాలు.

దశ 4: కలప గుజ్జు, మమ్మల్ని పక్కదారి పట్టించిన అంకె

సెప్టెంబరు 3. బ్యాచ్ 4. ఆకారం మారాలంటే ముడిసరుకు మారాలి. ఒంగోలు కాబట్టి పొగాకు కాడలతో చేయమని సలహా ఇవ్వని వారు లేరు. కాడల్లోని లిగ్నిన్ (పోగులను అతికించి ఉంచే పదార్థం) తీయడం వేరే ప్రాజెక్టు, నేను దాని జోలికి పోలేదు. మన తీరం సరుగుడు, సుబాబుల్ కలిసిన బ్లీచ్ చేసిన కలప గుజ్జు షీటు దొరికింది. అదే 64 శాతం, అదే 45 డిగ్రీలు, అదే 45 నిమిషాలు. దిగుబడి 5.9 గ్రా. ఆవేశం 310. పేరు క-310.

రెండు నమూనాలనూ ఏఎఫ్‌ఎం (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే) సూక్ష్మదర్శినికి పంపాం. మందాన్ని ఎత్తు నుంచి తీసుకోవాలి. పక్కకు కొలిస్తే సూది మొన వెడల్పు కూడా కలిసి కణం లావుగా కనిపిస్తుంది. నూరేసి కణాలను విద్యార్థులు కూర్చుని లెక్కపెట్టారు.

- పత్తి: పొడవు 140 నానోమీటర్లు, మందం 8. నిష్పత్తి 17.5
- కలప: పొడవు 160, మందం 5. నిష్పత్తి 32

ఫిలిములు పోసి లాగి చూస్తే కలపదే గట్టిగా ఉంది (సరిగ్గా మళ్లీ తీసిన అంకెలు కింద ఉన్నాయి). కలపకే ఆవేశం ఎక్కువ, కలపే సన్నం. "ఆవేశం ఎక్కువైతే బలం ఎక్కువ" అని నోటుబుక్కులో రాసి, కింద గీత కూడా గీశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, కొట్టేసి.

తప్పు ఎక్కడంటే: కిలోకు ఇన్ని మిల్లీమోల్‌లు అనేది బరువు లెక్క. ఆవేశం ఉండేది ఒంటిమీద. సన్నటి కణానికి గ్రాముకు ఒళ్లు ఎక్కువ. పొడవాటి కడ్డీకి గ్రాముకు ఉపరితలం అంటే 4ను సాంద్రతతో, మందంతో భాగించడమే. సాంద్రత 1.6 తీసుకుంటే పత్తికి గ్రాముకు 312 చదరపు మీటర్లు, కలపకు 500. ఇప్పుడు ఆవేశాన్ని ఉపరితలానికి పంచి చూస్తే:

- ప-245: చదరపు నానోమీటరుకు 0.47
- క-310: చదరపు నానోమీటరుకు 0.37

తలకిందులైంది. ఎక్కువ ఆవేశం అనుకున్న కలప కణం ఒంటిమీద నిజానికి సల్ఫేట్లు పలచన. మేము ఒకేసారి రెంటినీ మార్చేసి, రెంటిలో ఏది పని చేసిందని అడుగుతున్నాం. ఆరు వారాల కొలతలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు.

ఇప్పటివరకు: ఖర్చు ₹15,700. ఆమ్లం 436 మి.లీ. స్ఫటికాలు 12.7 గ్రా., అందులో వాడినవి 2.1 గ్రా.

దశ 5: ఒకే బ్యాచ్, తగ్గించిన ఆవేశం

అక్టోబరు 6. దారి ఒకటే కనిపించింది. బ్యాచ్ 3 పత్తి స్ఫటికాలనే తీసుకుని, ఆకారం చెడకుండా సల్ఫేట్లు మాత్రం ఊడగొట్టాలి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం (0.1 మోలార్), 80 డిగ్రీలు.

1. ఒక గంట ఉంచినది: 190. చదరపు నానోమీటరుకు 0.37, అంటే కలపతో సమానం. ఇది మూడో ప్రయత్నంలో కుదిరింది. ముందు రెండూ 215, 160 వచ్చాయి.
2. ఐదు గంటలు ఉంచినది: 60. చదరపు నానోమీటరుకు 0.12.
3. మళ్లీ డయాలిసిస్, ఐసులో సోనికేటర్, మళ్లీ టైట్రేషన్.

ప-60ని తిరిగి సూక్ష్మదర్శినికి పంపితే సగటు పొడవు 136 వచ్చింది. ఆకారం మారలేదనే అనుకోవచ్చు.

అసలు ఆవేశమే లేనిది కూడా కావాలి కాబట్టి వేరే పత్తిని నేరుగా 4 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల దగ్గర 225 నిమిషాలు ఉంచాం. అది ప-0. సోనికేటర్ ఆపిన పావుగంటకు అడుగున పిండిలా కూర్చుంది. ప-60 రెండు రోజులు నిలిచింది. ప-190, ప-245 సీసాలు నేటికీ కదలకుండా ఉన్నాయి.

దశ 6: ఫిలిములు, వానాకాలం

పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్లలో కరిగే ప్లాస్టిక్) 10 శాతం ద్రావణం, 90 డిగ్రీల దగ్గర రెండు గంటలు కలిపి చేసినది. స్ఫటికాలు ఎండు బరువులో 5 శాతం. పది సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో పోసి ఆరబెట్టడం. పళ్లెం కింద సమమట్టంగా ఉండాలని చీమకుర్తి నుంచి పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైటు ముక్క ఒకటి తెచ్చి, మట్టపుబద్దతో సరిచేసి పెట్టాం. ముందు ల్యాబు బల్ల మీద పోసిన ఫిలిము ఒక అంచున 0.05 మి.మీ., మరో అంచున 0.12 మి.మీ. గ్రానైటు మీద అన్ని చోట్లా 0.08.

అక్టోబరు చివర ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి. సోమవారం లాగిన ముక్క గట్టిదనం 0.9 గిగాపాస్కల్ చూపిస్తే, గురువారం జడివానలో అదే ఫిలిము నుంచి కోసిన ముక్క 0.4. పీవీఏ గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. సెప్టెంబరులో తీసిన అంకెలన్నీ కూడా అలా గాలివాటం అంకెలేనని అప్పుడు తెలిసింది. అన్నీ పక్కన పడేశాం.

మార్పు: మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, అడుగున మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం (కరగని ఉప్పు అడుగున కనిపిస్తుండాలి). గది వేడిలో డబ్బా లోపల తేమ 52 శాతం దగ్గర నిలుస్తుంది. ముక్కలను నాలుగు రోజులు అందులో ఉంచి, తీసిన రెండు నిమిషాల్లో లాగేయాలి.

దశ 7: లాగడం

యంత్రం సొంతంగా బిగించుకున్నాం: ఇనుప చట్రం, మరలు ఉన్న కడ్డీ, 10 కిలోల వేలాడే డిజిటల్ కాటా, 0.01 మి.మీ. డయల్ గేజీ. ముక్క వెడల్పు 10 మి.మీ., మందం 0.08, పట్టుల మధ్య దూరం 50. ఈ కొలతలకు కాటా మీద ఒక కిలో అంటే 12.3 మెగాపాస్కల్.

పట్టుల్లో మొదట సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాం. ఒట్టి పీవీఏకు 0.38 గిగాపాస్కల్ వచ్చింది. ఫిలిముతోపాటు ట్యూబు కూడా సాగుతోంది, ఆ సాగుడంతా మేము ఫిలిము ఖాతాలో రాస్తున్నాం. ట్యూబు తీసేసి, ముక్క కొసలకు ఎమెరీ కాగితం రెండు వైపులా ఫెవిక్విక్‌తో అంటించి బిగించాక 0.90.

నవంబరు 20 నుంచి డిసెంబరు 9. ఒక్కో రకానికి ఆరు ముక్కలు, 52 శాతం తేమ, యంగ్ గుణకం (లాగితే సాగకుండా నిలిచే గట్టిదనం) గిగాపాస్కల్‌లలో:

- ఒట్టి పీవీఏ: 0.90 (అటూఇటూ 0.07)
- ప-0: 0.95 (0.70 నుంచి 1.15 దాకా చెల్లాచెదురు)
- ప-60: 1.25 (0.10)
- ప-190: 1.40 (0.11)
- ప-245: 1.32 (0.12)
- క-310: 1.72 (0.13)

ప-0 ఫిలిములో తెల్లటి పలుకులు కంటికే కనిపిస్తాయి. కణాలు గుంపులుగా ఉంటే 17.5 నిష్పత్తి ఉన్న కడ్డీ కాస్తా ఇసుక రేణువుతో సమానం. 60 దగ్గరికి వచ్చేసరికి సగానికి పైగా పని అయిపోయింది. 190, 245ల మధ్య తేడా మా చట్రం తేల్చగలిగేది కాదు. 190 మేలని చెప్పాలని మనసు లాగుతోంది, అంకెలు ఒప్పుకోవడం లేదు. విడదీసేంత ఆవేశం ఉంటే చాలు, ఆపైన పోగుచేసినది ఈ తేమలో కలిసిరాలేదు అన్నంతవరకు నిలబడతాను.

ప-190, క-310ల పోలిక మాత్రం ఇప్పుడు న్యాయమైనది. ఒంటిమీద ఒకే సాంద్రతలో సల్ఫేట్లు, ఒకే బరువు, ఆకారమే వేరు. 1.40కి, 1.72కి తేడా తప్పుడు కొలత కాదు.

దీనికి లెక్క కూడా ఉంది. కడ్డీలు ఒకదాన్నొకటి తాకుతూ ఫిలిము అంతటా తడిక అల్లుకోవాలంటే, ఘనపరిమాణంలో కనీసం 0.7ను నిష్పత్తితో భాగించినంత కావాలి. పత్తికి అది 4 శాతం, బరువులో 4.9. కలపకు 2.2 శాతం, బరువులో 2.7. మేము వేసింది 5. అంటే పత్తి కడ్డీలు గడప మీద నిలబడితే, కలప కడ్డీలు ఇల్లంతా తిరుగుతున్నాయి. ఈ తడిక సంగతి బలంగా బయటపడింది 1995లో. గ్రెనోబుల్‌లో ఫావియే, షాంజీ, కవాయే సముద్రజీవి ట్యూనికేట్ నుంచి తీసిన చాలా పొడవాటి స్ఫటికాలను లేటెక్స్ అనే పాలలాంటి ప్లాస్టిక్ ద్రవంలో కలిపి చూపించారు. ఒక అభ్యంతరం నాకే ఉంది: లేటెక్స్ స్ఫటికాలను పెద్దగా పట్టించుకోదు, పీవీఏ అలా కాదు, తన హైడ్రాక్సిల్ గుంపులతో స్ఫటికాలను అంటిపెట్టుకుంటుంది. కడ్డీకీ కడ్డీకీ మధ్య పీవీఏ దూరితే అది తడికేనా? 3 శాతంతో, 8 శాతంతో పోసిన ఫిలిములు చాలా వంకర తిరిగి లాగడానికి పనికిరాలేదు కాబట్టి గడప దాటినచోట గీత నిజంగా ఎగురుతుందో లేదో మేము చూడలేదు.

ఇప్పటివరకు: ఖర్చు ₹19,250. లాగిన ముక్కలు 118, లెక్కలోకి తీసుకున్నవి 36.

దశ 8: తేమ పెంచితే

జనవరి 11. డబ్బాలో మెగ్నీషియం నైట్రేట్ తీసేసి మామూలు ఉప్పు సంతృప్త ద్రావణం పెట్టాం. తేమ 75 శాతం. ఒంగోలులో గాలి మామూలుగానే ఆ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అసలు పరీక్ష ఇదే.

- ఒట్టి పీవీఏ: 0.21
- ప-60: 0.36
- ప-190: 0.33
- ప-245: 0.27
- క-310: 0.43

వరుస తిరగబడింది. 52 శాతం దగ్గర పత్తిలో వెనకబడిన ప-60 ఇక్కడ ముందుంది. సల్ఫేట్లు ఎక్కువున్న చోట నీళ్లు ఎక్కువ చేరి కడ్డీల మధ్య పట్టు వదులవుతోందని నా అనుమానం. బరువు తూచి చూస్తే ప-245 ముక్కలు ప-60 ముక్కల కన్నా నీళ్లు ఎక్కువే పీల్చాయి, కానీ మా త్రాసు మూడో దశాంశం దగ్గర వణుకుతుంది. రకానికి మూడు ముక్కలే మిగిలాయి, ఒక ప-60 ముక్క పట్టు దగ్గరే తెగింది.

జనవరి 23. ప-60 సీసాలో 0.8 గ్రాములు ఉంది. అడుగున తెట్టు కట్టింది, ఐసు తెప్పించి మళ్లీ సోనికేటర్ పెట్టాలి. అదే ఆవేశ సాంద్రత 0.12కు కలపను కూడా దించాలంటే కిలోకు 100 దగ్గర ఆపాలి. కలప స్ఫటికాలను 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచిన మొదటి నమూనా ఈ సాయంత్రం డయాలిసిస్‌లో పెట్టాం, డిస్టిల్డ్ నీళ్లలోనే.